గవ్వ ఒకటి, బిల్లుతో

పొద్దున ఏడు దాటింది. ల్యాంప్ రూమ్ కిటికీలోంచి టోపీ లైటు లోపలికి తోస్తే అవతలి నుంచి ఒక చెయ్యి అందుకుంటుంది. మెడ మీద చెమట, చెమట మీద మసి. కాగితాల మీద మా గని పేరు కేటీకే, అంటే కాకతీయ ఖని. భూపాలపల్లిలో ఎవరినడిగినా ‘బాయి’ అనే అంటారు. బాయిలోకి ఫోను తీసుకుపోనివ్వరు. రాత్రి లాకర్లో పెట్టిన ఫోను ఇప్పుడు తీసి ఆన్ చేస్తే చేతిలో ఆగకుండా వణుకుతుంది. పదిహేడు మెసేజీలు.

అన్నీ మా ఆవిడవే. పెండ్లయి ఇవాళ్టికి పంతొమ్మిది రోజులు.

“హావ్‌లాక్‌ల రెండు రాత్రులా, మూడా?” “మీకు ఈత వచ్చా?” “లీవు ఎన్ని రోజులు ఖాయం?” “బారాటాంగ్ ఎందుకు పెట్టిండ్రు?” “పడుకుంటున్న.” పడుకుంటున్నానన్న మనిషి ఆ తర్వాత ఇంకో నాలుగు పంపింది. ఆఖరుది రాత్రి ఒకటిన్నరకు: “నీల్ దీవిల సీతాపూర్ ఉన్నదట. భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, రామ్‌నగర్ గూడ.”

‘మీకు ఈత వచ్చా’ దగ్గర నా కళ్లు ఆగుతాయి. నిశ్చితార్థం నాటి నుంచి నేను ‘నువ్వు’ అంటున్నా. ఆమె మాత్రం ‘మీరు’ దిగి రాదు. అడిగితే “అలవాటైతది తియ్యుండ్రి” అంటుంది.

పక్క బెంచీ మీద బూట్లు విప్పుతున్న ఫిట్టరన్న నా మొహం చూస్తాడు. “ఏంది తమ్మీ, నైట్ షిఫ్టు దిగి నవ్వేటోన్ని నిన్నే చూస్తున్న.”

“అండమాన్ పోదామనుకుంటున్నమన్నా.”

“గంత దూరమెందుకు? లక్నవరం పో. ఆడ గూడ దీవులే, రిసార్టులే. పొద్దుగాల పోయి మాపటికి రావొచ్చు.”

తీసిపారేసే మాట కాదు. గుట్టల నడుమ కాకతీయులు కట్టిన చెరువు, నీళ్ల మధ్య పదమూడు దీవులు, తీగల వంతెన. 2016లో కొత్త జిల్లాలు చేసినప్పుడు అది మా భూపాలపల్లి జిల్లాలోనే ఉండేది. 2019లో ములుగు వేరుపడితే దానితోపాటు పోయింది. 2024లో మూడో దీవి మీద రిసార్టు తెరిచినప్పుడు మా షిఫ్టు వాళ్ల స్టేటసులన్నీ ‘మన మాల్దీవులు’ అని మోగిపోయాయి. పోతాం, దసరాకు పోతాం. కానీ ఇప్పుడు నాకు ఉప్పునీళ్లు కావాలి. లోపల నా చూపు రోజూ టోపీ లైటు పడ్డంత దూరమే పోతుంది. ఏ అడ్డమూ లేని చోట ఒకసారి నిలబడాలని ఉంది, అంతే.

ఆఫీసులో లీవు కాయితం ఇచ్చి “తేదీలు రాసుకుని రా” అంటారు. ఆ తేదీలే ఇంకా తేలలేదు. అవి మానుకోటలో ఉన్నాయి.

హన్మకొండ బస్సెక్కి కూలబడతాను. నిజానికి మేము మొదట వెతికింది అండమాన్ కాదు. మాల్దీవులకు వీసా ముందుగా అక్కర్లేదు గానీ పాస్‌పోర్టు కావాలి, ఆమెకు లేదు. లక్షద్వీప్ మన దేశమే, అయినా మనకే పర్మిట్ కావాలి. ఆ కాగితాల కోసం తిరిగే ఓపిక ఇద్దరికీ లేదు. అండమాన్‌కు ఆ గొడవ లేదు. ఆదివాసుల రిజర్వు ప్రాంతాలు తప్ప మిగతా చోట్లకు ఆధార్ కార్డుతో పోయిరావచ్చు. హైదరాబాద్ నుంచి నేరుగా విమానం, రెండున్నర గంటలు. పేర్లే కొంచెం తికమక. 2018 డిసెంబరు 30న హావ్‌లాక్ స్వరాజ్ ద్వీప్ అయింది, నీల్ షహీద్ ద్వీప్ అయింది. 2024 సెప్టెంబరులో పోర్ట్‌బ్లెయిరే శ్రీ విజయపురం అయింది. బోర్డుల మీద మహబూబాబాద్ అని ఎంత పెద్దగా రాసినా మేము మానుకోట అన్నట్టే, వీటినీ పాత పేర్లతోనే పిలుచుకుంటున్నాం.

పరకాల దాటేదాకా మెలకువ ఉంటే ఒట్టు.

*

మానుకోటలో కల్లం కనబడకముందే తుమ్ము వస్తుంది. ఆటోవాడు రుమాలు ముక్కుకు కట్టుకునే నడుపుతున్నాడు. ఊరి బయట టార్పాలిన్ల మీద తేజ మిర్చి ఆరబోసి ఉంది. నలుగురు ఆడవాళ్లు గొంతుక్కూర్చుని తాలు ఏరుతున్నారు. తెల్లబడి, మచ్చపడిన కాయ ఒక పక్కకు, ఎర్రటి గట్టి కాయ ఒక పక్కకు. వాళ్ల చేతులకు కళ్లు ఉన్నట్టుంది, మాట్లాడుతూనే ఏరేస్తున్నారు. నేను దగ్గుతుంటే నవ్వుతున్నారు. బొగ్గు దుమ్ముకు అలవాటైన ఊపిరితిత్తి మిర్చి ఘాటు ముందు చేతులెత్తేసింది.

“ఏం అల్లుడు, ఓడల పోతే కాదా? విశాఖపట్నంల ఎక్కుతరట,” మామ టార్పాలిన్ అంచు సర్దుతూ అడుగుతాడు.

“మూడు రోజులు పడ్తది మామా. పోయి దిగేసరికే సగం లీవు ఒడుస్తది.”

అత్తమ్మ చెంబుతో నీళ్లు ఇస్తుంది. “సునామీ వచ్చింది ఆడనే గదా బిడ్డా?” 2004 డిసెంబరు 26 నాటి టీవీ బొమ్మలు ఆమె మరిచిపోలేదు. వచ్చిందని ఒప్పుకుంటాను. పడవ ఎక్కగానే లైఫ్ జాకెట్ ఇస్తారని కూడా చెబుతాను. ఆమెకు రెండో మాట వినబడినట్టు లేదు.

మామ మూలకు పేర్చిన బస్తాలు చూపిస్తాడు. “గా చివరి రెండు బస్తాలు మీ విమానం. రేటు జూసి ఎనుమాముల కొంటబోత.”

“రేటు లేకుంటే?” మా ఆవిడ లోపలి నుంచి వస్తూ అడుగుతుంది.

“లేకుంటే కోల్డ్ స్టోరేజీల పెడ్త. మీరు నడిసి పోండ్రి.”

ఆమె చంకలో పొడవాటి నోటుబుక్కు. కొత్తగూడ మండలంలో ఒక పంచాయతీకి కార్యదర్శి. పన్నెండు గడుల రిజిస్టరు గీయకుండా ఆమె ఏ పనీ మొదలుపెట్టదు. మార్చి 31 లోపు ఇంటి పన్నుల వసూలు పూర్తి కావాలి, అప్పటిదాకా ఊరు దాటే ప్రశ్నే లేదు. ఆ తర్వాత వారం దొరుకుతుంది. ఏప్రిల్‌లో అక్కడ ఎండ మండుతుంది గానీ సముద్రం నిమ్మళంగా ఉంటుంది. మే సగం దాటితే వానలు, ఆషాఢంలో ఎలాగూ కొత్త కోడలు పుట్టింట్లో. కాబట్టి ఏప్రిల్ మొదటి పదిరోజులే. మాకు ముహూర్తం పెట్టింది పంతులు గారు కాదు, పంచాయతీ రాజ్ శాఖ.

*

జనగామలో మా ఇంటికి కృష్ణా ఎక్స్‌ప్రెస్‌లో పోతాం. కిటికీ సీటు ఆమెకు, ఆ పక్కన నేను, మా ఎదురుగా పల్లీలు ఒలుచుకుంటున్న పెద్దమ్మ. కేసముద్రం రాకముందే నోటుబుక్కు తెరుచుకుంటుంది. తేదీ, దీవి, పడవ, బస, ఖర్చు, రిమార్కులు.

ఒక ట్రావెల్స్ వాళ్లు వాట్సాప్‌లో పంపిన ప్యాకేజీ మొదట పరీక్షకు వస్తుంది. ఐదు రాత్రులు, ఏడు దీవులు, పువ్వులు చల్లిన మంచం ఉచితం. ఆమె పడవ గంటలన్నీ ఒక పక్కన కూడుతుంది. రేవుకు గంట ముందు చేరాలి, సామాను తూకం వెయ్యాలి, ప్రయాణం గంటన్నర నుంచి రెండు గంటలు, దిగాక ఆటో. “గీ లెక్కన మనం దీవుల కంటె రేవులల్లనే ఎక్కువ ఉంటం,” అంటుంది. పువ్వుల మంచం మీద ఇంటు గుర్తు పడుతుంది.

పైగా వాళ్ల దారి కూడా వంకర. హావ్‌లాక్‌కు పోయి పోర్ట్‌బ్లెయిర్‌కు వెనక్కి, మళ్లీ నీల్‌కు పోయి మళ్లీ వెనక్కి. ఆమెకు మ్యాపు అంతుపట్టకపోతే నేను మన ట్రైసిటీని తెస్తాను.

“పోర్ట్‌బ్లెయిర్ కాజీపేట అనుకో. హావ్‌లాక్ హన్మకొండ. నీల్ వరంగల్. కాజీపేట నుంచి హన్మకొండ పోయినోడు వరంగల్ పోవాలంటె మల్ల కాజీపేటకు వస్తడా?”

“రాడు. ఆడికెల్లి ఆడనే పోతడు.”

“హావ్‌లాక్ నుంచి నీల్‌కు నేరుగా పడవ ఉంది. నీల్ నుంచి తిరిగి పోర్ట్‌బ్లెయిర్. మూడు పడవలే.”

ఆమె మూడు చుక్కలు పెట్టి గీతలు కలుపుతుంది. ఒక ప్రయాణం మిగిలింది. మిగిలిన పూటకు ఎదురుగా రిమార్కుల్లో ‘నిద్ర’ అని రాస్తుంది.

నెక్కొండ దాటాక చాయ్ వస్తుంది. పర్సులోంచి ఇరవై నోటు తీసి ఇవ్వబోతుంటే ఆమె చెయ్యి పట్టుకుంటాను. పాత నోటు, ఎర్రటిది, అంచులు మెత్తబడి గుడ్డలా అయింది. వెనక్కి తిప్పి చూపిస్తాను. కొబ్బరి చెట్లు, వాటి వెనక నీళ్లు, దూరంగా కొండ మొన. పోర్ట్‌బ్లెయిర్ ఎదుటి కొండ మీద నుంచి చూస్తే కనిపించే నార్త్ బే అది. ఏళ్ల తరబడి కూరగాయల సంతలో, బస్సు కండక్టరు సంచిలో, మామ అంగీ జేబులో అండమాన్ తిరుగుతూనే ఉంది. మేమే తిప్పి చూడలేదు. ఆమె ఆ నోటును నోటుబుక్కు అట్టలో దాచి, చాయ్ అతనికి కొత్త ఇరవై ఇస్తుంది. దాని వెనక ఎల్లోరా గుహలు.

చాయ్ తాగుతూ వేళలు చూస్తాం. అక్కడ కూడా మన గడియారమే, పొద్దు మాత్రం మనది కాదు. జనగామ కంటే పోర్ట్‌బ్లెయిర్ దాదాపు పదమూడున్నర డిగ్రీలు తూర్పున ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాలు. అంటే సుమారు 54 నిమిషాలు ముందే తెల్లారుతుంది, అంత ముందే చీకటి పడుతుంది. రాధానగర్ బీచ్‌లో సూర్యాస్తమయం చూద్దామని ఆరు గంటలకు తీరిగ్గా బయలుదేరితే చూసేది దోమల్నే. 2004లో టైమ్ పత్రిక ఆసియాలోకెల్లా మంచి బీచ్ అన్నది దాన్నే. ఆమె ‘నాలుగింటికే’ అని రాసి కింద రెండు గీతలు గీస్తుంది. నీల్‌లో పొద్దు పొడుపు సీతాపూర్‌లో, పొద్దు గూకుడు లక్ష్మణ్‌పూర్‌లో. సీతమ్మ తెల్లారగట్ల లేస్తది, లక్ష్మణుడు రాత్రి కాపలా ఉంటడు, సరిపోయింది అని ఆమే అర్థం చెబుతుంది.

ఇంకో రెండు సంగతులు గట్టిగా అనుకున్నాం. ఆఖరి రాత్రి ఎట్టి పరిస్థితుల్లోనూ పోర్ట్‌బ్లెయిర్‌లోనే. గాలి లేస్తే పడవలు ఆపేస్తారు, విమానం మన కోసం ఆగదు. నీళ్లలోకి స్కూబా దిగితే ఆ తర్వాత కనీసం 18 గంటలు విమానం ఎక్కొద్దంటారు. ఒత్తిడికి ఒంట్లో కరిగిన గాలి నిదానంగా బయటికి రావాలి కాబట్టి. అందుకే స్కూబా హావ్‌లాక్‌లో, విమానానికి మూడు రోజుల ముందు. పడవల్లో ఏసీవి వేగంగా పోతాయి, కానీ అద్దాల లోపలే కూర్చోబెడతారు. గవర్నమెంటు పడవ నెమ్మది, డెక్ మీద నిలబడొచ్చు. ఒకటి అది, రెండు ఇవి అని రాజీ పడతాం.

వరంగల్‌లో జనం దిగుతారు, ఎక్కుతారు. అక్కడి నుంచి కాజీపేట దాకా గొడవ.

గొడవ బారాటాంగ్ గురించి. ప్యాకేజీలోంచి నేను కొట్టెయ్యకుండా ఉంచుకున్నది అదొక్కటే. మడ అడవుల్లో పడవ, ఆ చివర సున్నపురాయి గుహలు. అయితే అక్కడికి పోయే రోడ్డు జారవాలు ఉండే అడవిలోంచి పోతుంది. జిర్కాటాంగ్ దగ్గర బండ్లన్నీ బారులు తీరి, ముందూ వెనకా కాపలాతో కదులుతాయి. నడుమ ఆగరాదు, ఫొటో తియ్యరాదు.

“వొద్దు,” అంటుంది.

“ఎందుకు?”

“మా దిక్కు గూడ జీపులేసుకుని వస్తరు, కోయోళ్లు ఎట్లుంటరో చూద్దామని. ఇంటి ముంగట నిలబడి ఫోన్లు లేపుతరు. మీరు గూడ గట్లనే పోతరా?”

“మనుషులను చూడనీకి కాదు. గుహ చూద్దామని.”

పెన్ను మూత ఠక్కున పెడుతుంది. “రోజూ భూమి లోపలికి పోయేటోనివే గదా! పైసలు పెట్టి మల్ల గుహలకేనా నువ్వు?”

ఎదురు సీటు పెద్దమ్మ పల్లీ నోట్లో వేసుకోబోయి ఆగిపోతుంది. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వుతుంది. “మంచిగడిగినవ్ బిడ్డా.” మా ఆవిడకు తను అన్నదేమిటో తెలిసినట్టు లేదు. బారాటాంగ్ గడి మీద అడ్డగీత కొట్టి, ఆ రోజును నీల్ ముందు రాస్తుంది. నీల్‌కు రెండో రాత్రి వచ్చింది. నేను ఇక వాదించను. గుహ ఓడిపోయినందుకు నాకు రావలసినంత బాధ రాలేదు. ఘన్‌పూర్ వచ్చేలోపు ఇంకో మూడుసార్లు ‘నువ్వు’ విన్నాను, నాలుగోసారి లెక్క తప్పింది.

*

జనగామలో ఇంటి అరుగు మీద బాపమ్మ. ఎదురుగా మా అక్క బిడ్డ, ఇద్దరి మధ్య సుద్దముక్కతో గీసిన అష్టాచెమ్మా.

“యాడికి పోతున్నరు?”

“అండమాన్, బాపమ్మా.”

చేతిలో గవ్వలు అట్లాగే పట్టుకుంటుంది. “అండమానా? ఏం నేరం జేసిండు వీడు?”

అక్క పగలబడి నవ్వుతుంది గానీ బాపమ్మ తమాషాకు అనలేదు. ఆమె చిన్నతనంలో ఆ పేరు ఊరి పేరు కాదు, శిక్ష పేరు. 1857 జులై 17న హైదరాబాద్ రెసిడెన్సీ మీదికి పోయిన మౌల్వీ అల్లావుద్దీన్‌ను పంపింది అక్కడికే, ఆయన మళ్లీ రాలేదు. అల్లూరి దళంలోని గాం మల్లుదొరను పంపిందీ అక్కడికే, ఆయన మాత్రం తిరిగొచ్చి 1952లో లోక్‌సభకు గెలిచాడు. మా నోటుబుక్కులో మొదటి రోజు మధ్యాహ్నం గడిలో ‘సెల్యులార్ జైలు’ అని ఉంది. ఏడు రెక్కల్లో ఇప్పుడు మిగిలినవి మూడే. బాపమ్మకు ఇదంతా చెప్పలేదు. తిరిగొస్తామని మాత్రం చెప్పాను.

“అన్నం దొరుకుతదా ఆడ?”

“దొరుకుతది బాపమ్మా,” ఈసారి మా ఆవిడ చెబుతుంది. “ఆడ వందల పదమూడు మంది మనోళ్లే, తెలుగోళ్లే. శ్రీకాకుళం దిక్కు నుంచి పోయినోళ్లు.” 2011 జనాభా లెక్కలు ఎప్పుడు చూసిందో తెలియదు. పెద్దల ముందు మళ్లీ “వీరికి చెప్పిన” అంటూ బహువచనంలోకి వెళ్లిపోయింది.

పడవ టికెట్లకు డబ్బు కడదామంటే ఓటీపీ రాదు. ఇంట్లో సిగ్నల్ ఎప్పుడూ ఇంతే. ఫోను పట్టుకుని డాబా ఎక్కుతాం. ఎండిన బోరు గొట్టం, పక్కింటి అప్పడాలు, అవతల రైలు పట్టాలు. ఎర్రబడిన పొద్దు ఇంకా గూకలేదు. ఏప్రిల్ 4న దిగుడు, 10న ఎక్కుడు. పోర్ట్‌బ్లెయిర్‌లో ఒక రాత్రి, హావ్‌లాక్‌లో రెండు, నీల్‌లో రెండు, ఆఖరుది మళ్లీ పోర్ట్‌బ్లెయిర్. ఓటీపీ టింగుమంటుంది. ఆమె అంకెలు చదువుతుంది, నేను కొడతాను. సీట్లు ఖాయం.

“ఇప్పుడు ఆడ చీకటైంది,” అంటుంది పడమటికి చూస్తూ. “నువ్వు ఈత నేర్చుకో ముందుగాల. ఇంక మూడు వారాలున్నయి.”

“జనగామల నీళ్లేవి?”

కిందికి దిగేసరికి ఆట మధ్యలో ఆగి ఉంది. నాలుగు గవ్వలతో ఆడాల్సిన ఆటలో బాపమ్మ దగ్గర ఉన్నవి మూడే. నాలుగోది ఎప్పుడో పోయింది. దాని బదులు బండకు అరగదీసిన అర చింతగింజ వాడుతుంది. ఒక పక్క నల్లగా, ఒక పక్క తెల్లగా. గవ్వలు పళ్లూడిపోయి నున్నగా మెరుస్తున్నాయి.

“సముద్రం కాడికే పోతున్నరు గదా. ఒక్క గవ్వ ఏరుకరా బిడ్డా.”

ఏరుకొస్తే పట్టుకుంటారని చెప్పాలి. ఒడ్డున పడి ఉన్నా సరే పగడపు ముక్క తేవడం 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద నేరం, గవ్వల్లోనూ కొన్నింటికి అదే లెక్క. విమానాశ్రయంలో సంచులు వెతుకుతారు. ఈ వయసులో బాపమ్మ కోసం నిజంగానే నేరం చేసి అండమాన్‌లో ఉండిపోవాలి. పోర్ట్‌బ్లెయిర్‌లో సాగరిక అని సర్కారు దుకాణం ఉంది, అక్కడ కొంటే బిల్లు ఇస్తారు.

“గవ్వకు బిల్లా?” బాపమ్మ నమ్మదు.

మా ఆవిడ అరుగు మీదే కూర్చుని నోటుబుక్కు తెరుస్తుంది. 9వ తేదీ, సాయంత్రం, పోర్ట్‌బ్లెయిర్. రిమార్కుల గడిలో ‘గవ్వ 1, బిల్లుతో’ అని రాస్తుంది. తర్వాత నా చొక్కా జేబులోంచి మడతపెట్టిన లీవు కాయితం తీసి, పెన్నుతో సహా నా చేతిలో పెడుతుంది.

“నువ్వు రాయి. తేదీలు నేను చెప్త.”

బాపమ్మ తలెత్తి ఒకసారి ఆమెను, ఒకసారి నన్ను చూస్తుంది. ఏమీ అనదు. గవ్వలు, చింతగింజ రెండు అరచేతుల మధ్య గలగలలాడించి నేల మీదికి వదులుతుంది.

“చెమ్మా,” అంటుంది.